తొక్కల గిన్నె

మా ఇంట్లో శనివారం సాయంత్రమంటే సోయాకాయలే. లోకం తలకిందులైనా సరే, నాన్న చేత్తో అవి ఉడకాల్సిందే. ప్యాకెట్ల మీద ‘ఎడమామే’ అని స్టైలుగా రాసి అమ్ముతారు గానీ, నాన్న ఆ ప్యాకెట్ వంక కన్నెత్తి కూడా చూడడు. “ఐసుగడ్డల్లో పెట్టినవాటికి రుచేం ఉంటుంది, నా మొహం!” అంటాడు. మార్కెట్‌కి తనే వెళ్ళి కాడలతో సహా కట్టలు తెస్తాడు. కాయ పచ్చగా ఉండాలి, గింజ బాగా ఉబ్బి ఉండాలి, పైన నూగు చెక్కుచెదరకూడదు. పసుపు తిరిగిన కాయ ఒక్కటి కనబడినా ఆ కట్ట అక్కడే వదిలేసి వచ్చేస్తాడు. నాన్న వస్తున్నాడంటే ఆ అమ్మేవాడు ముందే మొహం తిప్పుకుంటాడు.

కాడల నుంచి కాయలు తుంచడం నా పని. కత్తెరతో ప్రతి కాయకీ రెండు కొసలూ కత్తిరించడం అమ్మ పని. కొస తెరుచుకోకపోతే ఉప్పు లోపలికి దిగదు. ఆ తరవాత నాన్న చొక్కా చేతులు పైకి మడిచి, గుప్పెళ్ళతో ఉప్పు చల్లి, నూగంతా రాలిపోయేదాకా కాయల్ని బరబరా రుద్దుతాడు. నీళ్ళు తెర్లుతుంటే ఆ ఉప్పుతో సహా గిన్నెలో పడేస్తాడు. మూత పెట్టకూడదు, పెడితే నురగ పొంగి స్టవ్ ఆరిపోతుంది. మధ్యమధ్యలో ఒక కాయ తీసి, ఉఫ్ ఉఫ్‌మని ఊదుకుని, కొరికి చూస్తాడు. పచ్చివాసన పోవాలి, కానీ పంటి కింద గింజ నిలవాలి. “ఇదీ!” అన్నాడంటే దించేయాలి. దించాక పొరపాటున చన్నీళ్ళు పోశామా, ఇల్లు పీకి పందిరేస్తాడు. ఉప్పంతా కడుక్కుపోతుందని ఆయన బాధ. అందుకని చిల్లుల పళ్ళెంలో పలచగా పరిచి, పాత పేపరుతో విసురుతూ కూర్చోవాలి.

బల్ల మీద రెండు గిన్నెలుంటాయి, ఒకటి కాయలకీ, ఒకటి తొక్కలకీ. కాయని పెదాల దగ్గర పెట్టుకుని వేళ్ళతో నొక్కితే గింజ చటుక్కున నోట్లోకి దూకుతుంది. ముందు ఉప్పు తగులుతుంది, నమిలేకొద్దీ తియ్యగా ఉంటుంది. నిజం చెప్పొద్దూ, ఆ మొదటి కాయతో వారమంతా పడ్డ విసుగు దిగిపోతుంది నాకు. కడుపు నిండే కొద్దీ నాన్న పోటీ పెడతాడు: కాయని నోటికి జానెడు దూరంలో పట్టుకుని నొక్కి, గింజని నోట్లోకి కొట్టుకోవాలి. అమ్మ గింజ ఎప్పుడూ సోఫా కిందకే పోతుంది.

“ఈ గురితో నన్నెలా పట్టావే?” అంటాడు నాన్న.

“నేను పట్టలేదు, మీరే వచ్చి పడ్డారు,” అంటుంది అమ్మ.

ప్రతివారం ఇదే జోకు. ప్రతివారం ఇద్దరూ కొత్తగా విన్నట్టే నవ్వుతారు. నాకు మండుకొస్తుంది. మండుకొస్తే నోరు ఊరుకోదు కాబట్టే నాన్న నాకు టపాకాయ్ అని పేరు పెట్టాడు.

నాన్న స్కూలు వ్యాను డ్రైవరు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే పని. ఈ ఊళ్ళో ఆయన వ్యానులో బడికెళ్ళినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని అదే వ్యాను ఎక్కిస్తున్నారు. ఇన్నేళ్ళలో వ్యానుకి ఒక గీత పడనివ్వలేదు. డ్రైవింగ్‌లో ఉండగా ఫోను మోగినా ముట్టుకోడు, అది ఆయనకి గర్వం. కిందటేడాది అమ్మ కూడా అదే వ్యానులో ఆయాగా చేరింది. నేను పడీపడీ నవ్వాను. ఎందుకంటే మా అమ్మకి వ్యాను కాదు కదా, ఆటో ఎక్కినా వాంతులవుతాయి. ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకోకుండా వీధి చివరికి కూడా వెళ్ళలేదు. “ఇంట్లో ఊరికే కూర్చుంటే పిచ్చెక్కుతోందే,” అంది. సరే, ఆవిడ సరదా ఆవిడది అనుకున్నాను.

పైగా నాన్న తెగ మురిసిపోయాడు. “మీ అమ్మ వచ్చాక వ్యాను సినిమాహాలైపోయిందే టపాకాయ్. ప్రతి మలుపు దగ్గరా ‘ఇప్పుడెటు పిల్లలూ?’ అని అడుగుతుంది. వాళ్ళంతా ‘కుడీ’ అనో, ‘ఎడమా’ అనో గొంతులు చించుకుంటారు. గెలిచినవాళ్ళకి చాక్లెట్టు. చెవులు పోతున్నాయనుకో!” అని నవ్వుతూ చెప్పాడు.

ఇదంతా బాగానే ఉంది. బాగోలేనిది ఒక శనివారం నా కళ్ళబడింది.

ముగ్గురం తింటున్నాం. నాన్న ఏదో చెబుతూ చెయ్యి చాపి, తొక్కల గిన్నెలోంచి ఒక తొక్క తీశాడు. పెదాల దగ్గర పెట్టుకుని నొక్కాడు. అందులో ఏమీ లేదు. అయినా నోరు ఆడించాడు, నమిలాడు, మింగాడు. ఆ తొక్క మళ్ళీ అదే గిన్నెలో వేసి ఇంకోటి తీశాడు. ముందు వేళాకోళం అనుకున్నాను. మూడోది తీసేసరికి కాదని తెలిసింది.

“నాన్నా! అది తొక్కల గిన్నె!” అని అరిచాను.

నాన్న చేతిలో తొక్క వంక చూసి, నా వంక చూసి, పకపకా నవ్వాడు. “పారబోసేముందు లెక్క చూసుకోవద్దూ? మీరు గింజలు వదిలేస్తారు,” అన్నాడు. ఈలోపు అమ్మ చెయ్యి చప్పుడు చేయకుండా వచ్చి, తొక్కల గిన్నెని పక్కకి జరిపి, కాయల గిన్నెని నాన్న చేతి కిందకి నెట్టింది. నాన్న మాట ఆగలేదు. అమ్మ నా మొహం చూడలేదు. ఆ జరపడంలో తడబాటనేది లేదు, బాగా అలవాటైన చెయ్యి అది.

నేను కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తాను. అందుకే నా బుర్ర తిన్నగా కళ్ళ మీదకి పోయింది. చూపు మందగించి ఉంటుంది, ఏ గిన్నె ఏదో కనబడక తడుముకుంటున్నాడు, అంతే అనుకున్నాను. మర్నాడే చెయ్యి పట్టుకుని షాపుకి లాక్కెళ్ళాను. మా డాక్టరుగారు అన్ని పరీక్షలూ చేశారు. నాన్న గోడ మీది అక్షరాలు కింది వరస దాకా గడగడా చదివేసి, “ఇంకా చిన్నవి లేవా?” అని ఆయన్నే ఎదురడిగాడు. చూపు భేషుగ్గా ఉంది.

షాపులో వాళ్ళంతా నాన్న భుజం తట్టి మెచ్చుకున్నారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కళ్ళు కాకపోతే మరేమిటి? ఈ మనిషి చేతుల్లో పొద్దునా సాయంత్రం ఊరి పిల్లలుంటారు.

ఆ వారం సోయాకాయలు ఉడుకుతుంటే నాన్ననే కనిపెట్టి చూస్తూ నిలబడ్డాను. కాయలు రుద్ది నీళ్ళలో వేశాడు. కాసేపాగి గిన్నెలోకి చూస్తూ, “ఉప్పు వేశానా?” అన్నాడు. ఆయన ఇంకా మాట పూర్తి చేయకముందే అమ్మ, “ఆఁ, వేశారు, సరిపోయింది,” అనేసింది. అప్పుడు లెక్క వేసుకుంటే గుర్తొచ్చింది. ఈమధ్య నాన్న అడిగే ప్రతిదానికీ అమ్మ జవాబు ముందే తయారుగా ఉంటోంది. ఎవరో వీధిలో పలకరిస్తే, నాన్న నోరు తెరిచేలోపు అమ్మే వాళ్ళ పేరు పెట్టి పిలిచేస్తోంది.

నాన్న చేతులు కడుక్కోవడానికి వెళ్ళగానే అమ్మని గోడకి నిలబెట్టి అడిగాను. “నాన్నకేమైంది?”

“ఏమవుతుంది? వయసు. నీకు రాదా వయసు?”

“వ్యాను ఎలా నడుపుతున్నాడమ్మా?”

“బంగారంలా నడుపుతున్నారు. రోజూ వెనకాల కూర్చునేది నేను, నువ్వు కాదు.” గరిటె నా మొహం ముందు ఆడించింది. “ఎక్కడైనా నోరు జారావో, నాలిక చీరేస్తాను.”

మా అమ్మ నన్ను ఎప్పుడూ అలా బెదిరించలేదు. నోరు మూసుకున్నాను. నిజమని కాదు, నమ్మితే హాయిగా ఉంటుందని నమ్మాను.

తరవాత కొన్నాళ్ళకి అమ్మకి జ్వరం వచ్చింది. పొద్దున ఒళ్ళు కాలిపోతున్నా వ్యానెక్కి వెళ్ళొచ్చింది. ఇంటికొచ్చేసరికి నిలబడే ఓపిక లేదు, పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. మధ్యాహ్నం మళ్ళీ లేచి చీర కుచ్చిళ్ళు సవరించుకుంటుంటే నాకు ఒళ్ళు మండింది.

“ఒక్కపూట ఆయా లేకపోతే ఆ వ్యాను కదలదా? చస్తే వెళ్ళనివ్వను. పడుకో!”

“నీకు తెలీదే. సరే, పడుకుంటాను గానీ స్కూలుకి వెళ్ళే వేళకి నన్ను లేపు. మాట ఇవ్వు.”

ఊఁ అన్నాను. మాత్ర వేశాను. దుప్పటి కప్పగానే నిద్రపోయింది. చెమటలు పట్టి, జ్వరం దిగుతూ, అంత హాయిగా పడుకున్న మనిషిని లేపడానికి నాకు చేతులు రాలేదు. నాన్న తాళాలు తీసుకుంటుంటే గుమ్మం దాకా వెళ్ళాను.

“ఒక్కడివే వెళ్ళగలవా నాన్నా?”

“నీకు నడక నేర్పిందెవరే?” అన్నాడు, మొహం చిన్నబుచ్చుకుని. ఇంకేం అడుగుతాను?

నేను ఆరోజు సెలవు పెట్టాను. అమ్మ పొద్దున్నుంచీ నోరు చేదు, ఉప్పుప్పగా నాలుగు సోయాకాయలుంటే బాగుండునని గొణుగుతోంది. ఫ్రిజ్‌లో మిగిలిన కట్ట తీశాను. మొదటిసారి మూడు పనులూ నేనే చేశాను. తుంచాను, కొసలు కత్తిరించాను, అరచేతులు మండేదాకా ఉప్పుతో రుద్దాను. నీళ్ళు తెర్లాక వేశాను. ఒక కాయ తీసి కొరికితే, అచ్చం నాన్న చేసినట్టే ఉంది. ఎంత పొంగిపోయానో! నాన్న వచ్చేసరికి వేడిగా పెట్టి ఆయన మొహం చూడాలనుకున్నాను.

వెనక చప్పుడైతే తిరిగాను. అమ్మ గోడ పట్టుకుని నిలబడి ఉంది.

“మీ నాన్న ఏరి?”

“వ్యాను తీసుకెళ్ళాడు. నువ్వెందుకు లేచావు?”

“ఒక్కరేనా?”

“ఒక్కడే. ఏం, ఆయనకి వ్యాను కొత్తా?”

అమ్మ అక్కడే నేల మీద కూలబడింది. “ఎంత పని చేశావే తల్లీ! ఆయనకి దారి తెలీదే.”

ముందు నాకు అర్థం కాలేదు. ఆవిడ తలబాదుకుంటూ చెప్పింది. చెయ్యి తప్పదు, బ్రేకు తప్పదు, ఎదుటి బండిని ఆమడ దూరంలో పసిగడతారు. ఇంటి నుంచి స్కూలుకి తిన్నగా ఒకటే రోడ్డు, అదీ తప్పదు. కానీ పోస్టాఫీసు మలుపు దగ్గరికొచ్చేసరికి కుడో ఎడమో తెలియక వ్యాను ఆపేసేవారట. ఒకరోజు నాన్న టిఫిను మర్చిపోయి వెళ్తే, అమ్మ అది తీసుకుని స్కూలుకి వెళ్ళి, తిరుగుదారిలో అదే వ్యానెక్కితే కంటపడిందట. మర్నాడే స్కూలు మేనేజరు కాళ్ళావేళ్ళా పడి ఆయాగా చేరింది.

“నేను దారి చెప్తే ఆయన పరువు పోతుంది కదే. అందుకని పిల్లల చేత అరిపించాను. ఆట అనుకుంటారు. ఆయనకి అనుమానం రాదు.”

“పిల్లలమ్మా! ఊళ్ళో వాళ్ళ పిల్లలు! నీకు బుద్ధుందా?” అని కేకలు పెట్టాను.

“బుద్ధి ఉండబట్టే కదే, కడుపులో పేగులు నోట్లోకొస్తున్నా రోజూ ఎక్కి కూర్చుంది!” అమ్మ నాకంటే గట్టిగా అరిచింది. “ఆ వ్యాను లాగేసుకుంటే ఆ మనిషి ఏమైపోతాడు? చెప్పు, ఏమైపోతాడు?”

స్టవ్ మీద నురగ పొంగి బుస్సుమంది. కట్టేశాను. ఆవిడ మీద కోపం, జాలి, నా మీద నాకు అసహ్యం, అన్నీ ఒక్కసారే ముంచుకొచ్చాయి. ఏదీ పట్టించుకునే సమయం లేదు. స్కూటీ తాళాలు తీసుకుని పరుగెత్తాను.

స్కూల్లో వ్యాను ఎప్పుడో బయల్దేరిందన్నారు. మొదటి మలుపు దగ్గర ఒక తల్లి గొడుగు వేసుకుని నిలబడి ఉంది. “ఇంకా రాలేదేంటమ్మా? మీ నాన్నగారు ఎప్పుడూ ఆలస్యం చేయరే,” అంది. ట్రాఫిక్ అని నోటికొచ్చిన అబద్ధం చెప్పాను. నాన్నకి ఫోను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. డ్రైవింగ్‌లో ఎత్తడుగా, పెద్దమనిషి! ఏడుపొస్తోంది, తిట్టుకుంటున్నాను. పోస్టాఫీసు దగ్గర పంక్చర్లు వేసేవాణ్ణి అడిగితే చెయ్యి చూపించాడు. “పచ్చ వ్యానేగా? అటు గోడౌన్ల వైపు పోయింది. పిల్లలు ఒకటే గోల.” ఆ దారిలో పిల్లలెవరి ఇల్లూ లేదు. అటంతా లారీలే.

లారీ కనబడినప్పుడల్లా దాని వెనక వ్యాను ఉందేమోనని చూశాను. ఒక మలుపు తిరిగాను, ఇంకోటి తిరిగాను. గోడౌన్ల వెనక రోడ్డు ఆగిపోయే చోట, గోడ నీడలో వ్యాను కనబడింది. ఇంజను ఆపేసి ఉంది. హజార్డు లైట్లు వెలిగి ఆరుతున్నాయి. చక్రం కింద రాయి కూడా పెట్టి ఉంది. పిల్లలందరూ లోపలే ఉన్నారు. ఒక్కొక్కరి తల మీద చెయ్యి వేసి చూశాను. చిన్నవాళ్ళిద్దరు ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు. ముందుపళ్ళు ఊడిన ఒకడు నన్ను చూసి గెంతాడు.

“అక్కా, ఆయమ్మ లేదుగా, అందుకని మేం కావాలనే తప్పు చెప్పాం! కుడి అంటే ఎడమ, ఎడమ అంటే కుడి! డ్రైవరంకుల్ నిజంగానే తిప్పేశాడు!”

వాణ్ణి కొట్టాలో ముద్దుపెట్టుకోవాలో తెలియలేదు. వాడి తప్పేముంది?

నాన్న వ్యాను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. ముందు మేనేజరుకి ఫోను చేసి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆయన అరిచినంతసేపు అరిచి, ఇంకో డ్రైవర్ని తీసుకుని వస్తున్నానన్నాడు. తల్లిదండ్రులకి తనే చెబుతానన్నాడు. తరవాత అమ్మకి చేశాను.

“దొరికారమ్మా. అందరూ బాగానే ఉన్నారు. ఒక్కరికీ ఏం కాలేదు.”

అవతల అమ్మ ఏడుస్తోంది. “ఆయనో?” అంది.

నేను జవాబు చెప్పేలోపు నాన్న నా చున్నీ కొస పట్టుకుని లాగాడు. అవతల ఉన్నది అమ్మ అని పోల్చుకోలేదో ఏమో, నేను ఫోన్లో ఉన్న సంగతి పట్టించుకోలేదు. ఫోను నా చెవి దగ్గరే ఉండిపోయింది.

“పిల్లలు అరవడం ఆపేశారే,” అన్నాడు. “వాళ్ళకీ ఈ చోటు తెలీదు. ఇక ఎటు తిప్పాలో నాకు తెలీలేదు. తెలీకుండా తిప్పకూడదని ఆపేశాను.”

“మంచి పని చేశావు నాన్నా.”

“నాకు దారులు పోతున్నాయే టపాకాయ్. చాన్నాళ్ళైంది. అన్నీ తెలిసినట్టే ఉంటాయి, దగ్గరకెళ్తే ఏదీ తెలీదు. మీ అమ్మ ఆ ఆట మొదలుపెట్టింది చూడు, అది నా అదృష్టం. పిల్లలు ఎటు అరిస్తే అటు తిప్పేవాణ్ణి. తనకి పాపం ఏమీ తెలీదు. ఆట అనుకుని ఆడిస్తోంది.”

నా చెవిలో ఏడుపు ఆగిపోయింది.

నాన్న వ్యాను తాళాలు నా చేతిలో పెట్టాడు. పెట్టి, నా వేళ్ళు తనే మడిచాడు. “ఇక దీన్ని ముట్టుకోను. రేపు నన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు, ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. కానీ ఒక్కమాట. నాకు దారి తెలీదని మీ అమ్మకి చెప్పకే. భయపడిపోతుంది. పిచ్చిది, నన్ను నమ్ముకునే కదా, ఆ వాంతులతో రోజూ నా వ్యానెక్కింది. చెప్పనని మాటివ్వు.”

ఆయన నా మొహంలోకే చూస్తున్నాడు.

“సరేనను,” అంది అమ్మ, నా చెవిలో, మెల్లగా. “సరేనని చెప్పవే.”

“సరే నాన్నా,” అన్నాను.